తూర్పు తప్పిన కేథడ్రల్

మా నాన్నగారు తణుకులో ఇళ్ళు కట్టించేవారు. కట్టించడం కన్నా ఇతరులు కట్టిన ఇళ్ళలో తప్పులు పట్టడం ఆయనకి ఎక్కువ సరదా. ఎవరింటికి భోజనానికి వెళ్ళినా, విస్తరి ముందు కూర్చునే లోపే ఇల్లంతా ఒక చుట్టు చుట్టి వచ్చి, "నైరుతిలో బావి తవ్వించారేమిటండీ?" అని ఆ ఇంటాయనకి అన్నం సహించకుండా చేసేవారు. టేపు రెండో కొస పట్టుకోవడం నా పని. ఎనిమిదేళ్ళు వచ్చేసరికి నాకు పదమూడో ఎక్కం రాలేదు గానీ, కళ్ళకి గంతలు కట్టి గిర్రున తిప్పి వదిలినా ఈశాన్యం ఎటో వేలు పెట్టి చూపించేదాన్ని.

నేను సింగపూర్ బయలుదేరిన రోజు ఇంట్లో అందరూ సూట్‌కేసులో ఆవకాయ, కందిపొడి కుక్కుతుంటే ఆయన మాత్రం తన ఇత్తడి దిక్సూచి తెచ్చి నా చేతిలో పెట్టారు. "కొత్త ఊళ్ళో దిక్కులు తెలియవమ్మాయ్, దగ్గరుంచుకో" అన్నారు. నాకు పౌరుషం వచ్చింది. నాకా, దిక్కులు తెలియకపోవడమా? దాన్ని బట్టల మడతల కిందికి తోసేశాను. చాలా రోజులు మళ్ళీ తియ్యలేదు. అప్పుడే తీసి ఉంటే ఇప్పుడు ఇదంతా రాయాల్సిన పని ఉండేది కాదు.

అవి కంప్యూటరు ముట్టుకున్నవాళ్ళందరికీ వీసాలు వస్తున్న రోజులు. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తేదీలు మర్చిపోతాయని ప్రపంచం హడలిపోతుంటే, ఆ హడలు పుణ్యమా అని మనవాళ్ళు విమానాలు నింపుతున్నారు. నేను చదివింది సివిల్. అమీర్‌పేటలో మూడు నెలలు కంప్యూటర్‌లో భవనాలు గియ్యడం నేర్చుకుని, ఆ ఒక్క సర్టిఫికెట్‌తో నేనూ ఐటీ అయిపోయాను. బెడోక్‌లో నలుగురు తెలుగు అమ్మాయిలం కలిసి ఒక ఫ్లాట్ తీసుకున్నాం. వాళ్ళు ముగ్గురూ బ్యాంకుల్లో తేదీలు బాగుచేసేవారు. నేను పదకొండు మంది ఉన్న ఒక చిన్న కంపెనీలో, బిల్డర్లు కొనేవాళ్ళకి పంచే సీడీల కోసం త్రీడీ భవనాలు తయారుచేసేదాన్ని. ఎక్కువగా కండోమినియంలనే ఖరీదైన అపార్ట్‌మెంట్లు. ఇంకా తవ్వని స్విమ్మింగ్ పూల్ చుట్టూ ఇంకా నాటని కొబ్బరిచెట్లు పెట్టడంలో నాకు మంచి పేరుండేది.

మా బాస్ సింగపూర్ చైనీస్. నలభై దాటినవాడు, ఎవరినీ లెక్కచెయ్యడు, ఏ పని అడిగినా "క్యాన్, క్యాన్" అంటాడు. అలాంటి మనిషి ఒకరోజు ఒక ముసలావిడ వెనకాల బుద్ధిగా నడుచుకుంటూ ఆఫీసులోకి వచ్చాడు. చిన్నప్పుడు ఆవిడ దగ్గర పియానో నేర్చుకున్నాట్ట. తప్పు మెట్టు నొక్కినప్పుడల్లా వేళ్ళ మీద స్కేలు పడేదట. ఆవిడ కుర్చీ లాక్కుంటున్నంతసేపూ వేళ్ళు జేబుల్లో దాచుకుని నిలబడ్డాడు.

ఆవిడది ఆర్మేనియన్ కుటుంబం. పూర్వీకులు వ్యాపారం కోసం పర్షియా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. ఒకప్పుడు ఊళ్ళో పేరున్న వాళ్ళే గానీ, ఇప్పుడు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది మిగిలారు. ఆవిడ పుట్టింది, పెరిగింది, పియానో పాఠాలు చెప్పి పిల్లల వేళ్ళు వాయించింది అన్నీ సింగపూర్‌లోనే. ఇంగ్లీషులో మలయ్ మాటలు కలిపి మాట్లాడేది. నేను అందరిలాగే ఆంటీ అన్నాను. ఆవిడ నన్ను గర్ల్ అంది. మా మధ్య పేర్ల అవసరం చివరిదాకా రాలేదు.

ఆవిడ సంచీలోంచి అట్ట ఊడిన పుస్తకం ఒకటి తీసి నా బల్ల మీద పెట్టింది. అందులో ఒక పెద్ద రాతి కేథడ్రల్ ఫొటో. నాలుగు గోడలూ నిటారుగా నిలబడి ఉన్నాయి. పైన గుమ్మటం ఉండాల్సిన చోట ఆకాశం ఉంది.

"ఆనీ అని మా పాత రాజధాని. వెయ్యిన్నొక్క చర్చిల నగరం అనేవాళ్ళు. ఇప్పుడు గడ్డి తప్ప ఏమీ లేదు. పక్కనే లోయ, లోయలో ఏరు, ఏరే సరిహద్దు, ఒడ్డున సిపాయిలు" అంది. "మా నాన్న తీసుకెళ్తానన్నాడు. ఆయనే చూడకుండా పోయాడు. చిన్నప్పుడు ఈ బొమ్మ నా ముందు పెట్టి, వంటింట్లోంచి కిరసనాయిలు గరాటు తెచ్చి పైన బోర్లించేవాడు. ఇదిగో, ఇప్పుడు సరిపోయింది అనేవాడు. డెబ్బై ఏళ్ళుగా గరాటే చూస్తున్నాను, గర్ల్. నాకు గుమ్మటం చూపించు."

ఆర్మేనియన్ గుమ్మటాలు నిజంగానే గరాటు బోర్లించినట్టు ఉంటాయి. కింద గుండ్రటి గోడ, పైన కోసుగా ఉన్న టోపీ. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం నవ్వొచ్చి ఆపుకున్నాను.

"ఎప్పటికి కావాలి ఆంటీ?" అన్నాను.

"ఒక కన్ను ఎప్పుడో పోయింది. రెండో దాంట్లో నీటికాసులు. అది ఉండగా కావాలి" అంది, కూరగాయలు ఎప్పటికి తేవాలో చెప్పినంత మామూలుగా.

బాస్ నా వైపు చూసి "క్యాన్?" అన్నాడు. మొదటిసారి ఆయన నోట ఆ మాట ప్రశ్నలా విన్నాను. క్యాన్ అన్నాను.

ఆ మధ్యాహ్నం ఆంటీ నన్ను, తిండి కొట్లన్నీ ఒకే కప్పు కింద ఉండే హాకర్ సెంటర్‌కి లాక్కుపోయింది. "మకాన్ ముందు, గుమ్మటం తర్వాత" అంది. మకాన్ అంటే మలయ్‌లో తిండి. జనం కిటకిటలాడుతున్నారు. ఆవిడ ఖాళీ బల్ల మీద ఒక టిష్యూ ప్యాకెట్ విసిరేసి, ఇక దాని వంక తిరిగి చూడకుండా తిండి తెచ్చుకోవడానికి క్యూలో నిలబడింది. చోప్ చెయ్యడం అంటారు దాన్ని. మన బస్సుల్లో కిటికీలోంచి జేబురుమాలు వేసినట్టే గానీ, మన రుమాలు మీద ఎవడో ఒకడు కూర్చుంటాడు. అక్కడ ఆ టిష్యూ ప్యాకెట్‌ని కదిపే మొనగాడు పుట్టలేదు. ఊరికి వచ్చిన ఏడాదిలో నాకు నిజంగా గౌరవం కలిగిన వ్యవస్థ అదొక్కటే.

తర్వాత మూడు నెలలు నేను కండోమినియంల మొహం చూడలేదు. పొద్దున ట్రైన్‌లో కూడా ఆ పుస్తకమే. ఆ కేథడ్రల్‌ని ఒక రాజు మొదలుపెట్టి పూర్తికాకుండానే పోతే, తర్వాతి రాజుగారి రాణి దాన్ని పూర్తిచేయించిందట. పెద్ద తలుపు జనానికి, ఒక పక్క తలుపు రాజుకి, రెండో పక్కది మతగురువుకి. లోపల నాలుగు మహా స్తంభాలు. ఒక్కొక్కటీ చెరుకు మోపు కట్టినట్టు సన్నటి నాళాలన్నీ కలిపి కట్టినట్టుంటుంది. ఆ నాళాలు అలాగే పైకి వెళ్ళి, కోసుగా ఉన్న కమానులై, గుమ్మటాన్ని మోస్తాయి. ఐరోపా వాళ్ళు ఆ పద్ధతిలో కట్టడానికి ఇంకా వందేళ్ళు పైనే పట్టిందని పుస్తకంలో చదివి, అదేదో మా మేనమామ కట్టినట్టు పొంగిపోయాను. తర్వాత ఊరు శత్రువుల చేతిలో పడింది. చర్చి మసీదయింది, మళ్ళీ చర్చి అయింది. ఒక భూకంపంలో గుమ్మటం కూలింది. జనం ఒక్కొక్కరే వెళ్ళిపోయారు.

అన్నిటికన్నా నాకు నచ్చింది దాన్ని కట్టిన స్థపతి సంగతి. కాన్‌స్టాంటినోపుల్‌లో మహా చర్చి గుమ్మటం విరిగిపడితే బాగుచెయ్యడానికి ఈయన్నే పిలిపించారట. ఆదివారం నాన్నగారికి ఫోన్ చేసినప్పుడు ఇదంతా చెప్పాను.

"ఊరందరి గుమ్మటాలూ నిలబెట్టి సొంతది వదిలేశాడన్నమాట. కాంట్రాక్టర్లందరూ అంతే" అన్నారు సంతోషంగా. ఆ వెంటనే, "ఇంకేం పడింది?" అన్నారు.

"ఈమధ్య భూకంపంలో ఒక మూల కూడా పడింది నాన్నా."

"ఏ మూల?"

నా డ్రాయింగ్ చూసి చెప్పాను. "ఆగ్నేయం."

"ఆగ్నేయం అలా పడదే! పడితే వాయవ్యం పడాలి. సరిగ్గా చూడమ్మాయ్."

నాకు ఒళ్ళు మండింది. ఎక్కడో ఆర్మేనియన్ల చర్చి ఏ మూల పడాలో తణుకులో కూర్చుని ఈయన చెప్తారా? ఫోన్ కార్డు అయిపోయిందని అబద్ధమాడి పెట్టేశాను. తమాషా ఏమిటంటే, ఆంటీ ఇచ్చిన పత్రిక వ్యాసంలో కూడా వాయవ్య మూల అనే ఉంది. పెద్ద తలుపుకి ఎదురుగా నిలబడితే ఎడమ చేతి వైపు మూల కూలినట్టు ఫొటో కూడా ఉంది. నా బొమ్మలో ఆ ఎడమ మూల ఆగ్నేయం అవుతోంది. అయితే తప్పు ఎవరిది? వ్యాసం రాసినాయనకి దిక్కులు తెలియవని నేను రెండు నిమిషాల్లో తేల్చేశాను.

అసలు జరిగింది ఇది. పుస్తకంలో నేల ప్లాను బాస్ పెద్దదిగా జిరాక్స్ తీయించాడు. ఉత్తరం చూపించే బాణం గుర్తు కాగితం అంచు దాటి పోయింది. ప్లాను నా ముందుకొచ్చినప్పుడు ఒక కొసన పెద్ద తలుపు, రెండో కొసన గర్భగుడి లాంటి అర్ధచంద్రాకారపు గది ఉన్నాయి. నా చెయ్యి దానంతటదే తలుపుని తూర్పుకి పెట్టేసింది. అది నేను ఆలోచించి చేసిన పని కూడా కాదు. గుడి తలుపు తూర్పున కాక ఎక్కడుంటుంది?

చూపించే రోజు ఆంటీ ముత్యాల దండ వేసుకుని, ఆదివారం చర్చికి వెళ్ళేట్టు తయారై వచ్చింది. మీటింగ్ రూమ్‌లో తెరలు దించి ప్రొజెక్టర్ పెట్టాం. నేను పెళ్ళి వీడియో చూపించే ఆడపడుచులా పక్కన నిలబడి వ్యాఖ్యానం మొదలుపెట్టాను. ఇదిగో బయటి గోడల మీద సన్నని కమానులు, ఇదిగో ఎర్రమట్టి రంగు రాయి, ఇదిగో స్తంభాలు, ఒక్కొక్క నాళం విడివిడిగా గీశాను ఆంటీ, చూశారా? ఆవిడ తల కొంచెం పక్కకి వంచి, "ఊఁ" అంటోంది. గుమ్మటం కిందికి వెళ్ళి, బొమ్మలోని కెమెరాని పైకెత్తాను. "ఊఁ" అంది. నాకు కొంచెం చిన్నతనం అనిపించింది. సరే, అసలు సంబరం ముందుంది కదా అనుకుని సూర్యోదయం నొక్కాను. చీకట్లోంచి పెద్ద తలుపు తెరుచుకుంటుంది, ఎండ నేల మీదుగా పాకుతూ వెళ్ళి బలిపీఠాన్ని తాకుతుంది. ఒక వారం పాటు ఆఫీసు కంప్యూటర్ గుక్కతిప్పుకోకుండా లెక్కలు కట్టి తయారుచేసిన ఎండ అది.

ఆంటీ నిటారుగా కూర్చుంది. "ఆ వెలుగు ఎటు నుంచి వస్తోంది?"

"పెద్ద తలుపులోంచి. తెల్లవారింది కదా ఆంటీ."

"పెద్ద తలుపు పడమర కదా?"

నేను నవ్వాను. ఆ నవ్వు తలచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది. "గుడికి పడమర తలుపేమిటి ఆంటీ? పొద్దుటి ఎండ సరాసరి దేవుడి మొహం మీద పడాలి."

"నీకెవరు చెప్పారు?"

"ఎవరిని అడిగినా చెప్తారు."

"నాకెవరూ చెప్పలేదు" అంది ఆవిడ. బాస్ వేళ్ళు జేబుల్లోకి వెళ్ళిపోయాయి. "మేం తూర్పుకి తిరిగి ప్రార్థన చేస్తాం. పొద్దున వెలుగు బలిపీఠం వెనక కిటికీలోంచి వచ్చి మా మొహాల మీద పడుతుంది. నువ్వు కట్టింది మీ గుడి, గర్ల్. బాగుంది. కానీ మాది కాదు."

తప్పు నాదేనని తెలిసింది. అయినా పొగరు వెంటనే దిగదు కదా. "దిక్కు ఒక్కటే కదా తప్పయింది? మిగతాదంతా సరిగ్గానే ఉందిగా? ఆ స్తంభాలు, ఆ గుమ్మటం..."

ఆవిడ ముత్యాల దండ సరిచేసుకుంది.

"నాకు స్తంభాలు కనపడలేదు. గుమ్మటమూ కనపడలేదు. పోయిన నెల నుంచి వెలుగు, చీకటి తెలుస్తున్నాయి, అంతే. చెప్తే నువ్వు పని ఆపేస్తావని చెప్పలేదు."

ఆవిడకి నేను చూపించినదాంట్లో కనపడింది ఒక్క ఎండే. నేను తప్పు పెట్టిందీ ఆ ఒక్కటే. ఇంత పెద్ద కేథడ్రల్‌లో ఇంకెక్కడ తప్పు చేసినా ఆవిడకి తెలిసేది కాదు. నాకు ఏడుపొచ్చింది, టాయిలెట్‌లోకి వెళ్ళి ఏడ్చాను.

ఆ సాయంత్రం నాన్నగారికి ఫోన్ చేసి జరిగింది చెప్పాను. వాయవ్యమే పడిందని కూడా ఒప్పుకున్నాను. ఆయన గెలిచినట్టు నవ్వుతారని చూశాను. నవ్వలేదు.

"దిక్సూచి తీశావా?"

"లేదు నాన్నా."

"తియ్యమ్మాయ్" అన్నారు.

మర్నాడు కేథడ్రల్‌ని తిప్పాను. నూట ఎనభై అని మూడు అంకెలు కొడితే చాలు, వెయ్యేళ్ళ చర్చి కిక్కురుమనకుండా అటు తిరిగి కూర్చుంది. ఎండే చిక్కు. వెలుగు మారితే, సినిమా రీలులా వరసగా నడిచే నాలుగైదు వందల బొమ్మలు మళ్ళీ మొదటి నుంచీ తయారవ్వాలి, ఒక్కో బొమ్మకి ఇరవై నిమిషాలు. నా ఒక్క కంప్యూటర్ మీద మళ్ళీ వారం. ఆంటీ కన్ను ఎన్నాళ్ళుంటుందో డాక్టరు కూడా చెప్పడం లేదు.

అదృష్టం కొద్దీ చైనీస్ న్యూ ఇయర్ సెలవులు వచ్చాయి. ఆఫీసు మొత్తం ఖాళీ. ఖాళీగా పది కంప్యూటర్లు. ఆ ఎండని పది ముక్కలు చేసి పది మిషన్లకీ పంచిపెట్టాను. మరి మధ్యలో ఎవరైనా వచ్చి ఆపేస్తే? నోటీసు రాసి అంటించవచ్చు గానీ, నోటీసులు చదివేదెవరు? కింద కొట్లో ఒక అట్ట టిష్యూ ప్యాకెట్లు కొనుక్కొచ్చి, కీబోర్డుకి ఒకటి చొప్పున పెట్టాను. రెండో రోజు పొద్దున మా ఆఫీసు అబ్బాయి ఒకడు సెలవుల్లో ఆట ఆడుకుందామని ఒక డబ్బా పండగ నారింజలతో సహా దిగాడు. తన కుర్చీ దాకా వచ్చి, కీబోర్డు మీద ప్యాకెట్ చూసి ఆగిపోయాడు. "అయ్యో, చోప్ చేసేశారా? ఓకే లా" అని నాకు రెండు నారింజలిచ్చి వెళ్ళిపోయాడు. అది వాడి సొంత కంప్యూటరే!

ఆ పది కంప్యూటర్లూ పనిచేస్తున్నాయి గానీ, వాటికి ఎండని అందించేముందు నేను చేసిన పని ఇంకోటి ఉంది. దిక్కు సరిచేశాక కెమెరాని పడమర తలుపు బయట దూరంగా నిలబెట్టి చూశాను. సూర్యుడు ఇప్పుడు చర్చి వెనకాల లేస్తున్నాడు. ఆకాశం తెల్లబడుతోంది, ముందున్న చర్చి అంతా కాటుక పెట్టినట్టు నల్లగా ఉంది. నా తప్పు తూర్పులో ఉన్నప్పుడు ఎండ ముందు నుంచి పడి గోడా, గుమ్మటం, ఆకాశం అన్నీ ఒకటే వెలాతెలా పోయేవి. ఇప్పుడు రెండే రంగులు. వెలుగు, చీకటి మాత్రమే తెలిసే కంటికి ఇదైనా అందుతుందేమోనని అప్పుడు ఆశ పుట్టింది నాకు. గోడల చెక్కడాలు తీసేశాను. స్తంభాల్లో నాళాలు తీసేశాను. మూడు నెలల పని, నాలుగు క్లిక్కులు. మనసొప్పక మానిటర్‌ని కాసేపు తిట్టుకున్నాను.

సెలవులైన మొదటి రోజు ఆంటీ వచ్చింది. ఈసారి ముత్యాలు లేవు. బాస్ చెయ్యి పట్టుకుని కుర్చీ దాకా నడిపించాడు. ప్రొజెక్టర్‌ని గది చివరికంటా వెనక్కి జరిపి గోడ మొత్తం నింపాను. వ్యాఖ్యానం మానేశాను.

గోడంతా చీకటి. మెల్లగా పైన బూడిద రంగు వచ్చింది. తర్వాత తెలుపు. ఆంటీ ముందుకు వంగింది. చూపుడు వేలు గాల్లోకి లేచింది. ఆ వేలు అడ్డంగా కదిలింది, గోడ పైఅంచు వెంట. ఆగింది. నిలువుగా కొంచెం లేచింది. ఆ తర్వాత ఏటవాలుగా పైకి, పైకి, ఒక కొస దాకా వెళ్ళి, అవతలి వైపు ఏటవాలుగా దిగింది. మళ్ళీ మొదటి నుంచి గీసింది.

"గరాటు" అంది. ఇంకోసారి, గట్టిగా, "నాన్న గరాటు!"

బాస్ జేబుల్లోంచి చేతులు తీసి మొహం కప్పుకున్నాడు. కెమెరా తలుపులోంచి లోపలికి వెళ్ళింది. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత ఎదురుగా, బలిపీఠం వెనక సన్నటి నిలువు కిటికీలోంచి వెలుగు వచ్చి గది నిండింది. ఆవిడ కళ్ళు మూసుకుంది. రెప్పల మీద కూడా ఆ వెలుగు తెలుస్తోంది కాబోలు, మూసుకునే నవ్వుతోంది.

"మళ్ళీ వెయ్యి, గర్ల్" అంది. భోజనం వేళ దాటిపోయేదాకా వేస్తూనే ఉన్నాను. ఆ రోజు మకాన్ సంగతి ఆవిడ ఎత్తలేదు.

వానలు మొదలయ్యే లోపు ఆ వెలుగు కూడా పోయింది. బాస్ చెప్తే, శనివారం సెరంగూన్‌లో ఆవిడ ఫ్లాట్‌కి వెళ్ళాను. గుమ్మంలో చెప్పులు విప్పుతుంటే, ఆవిడే నా అడుగు చప్పుడు పట్టి, "వచ్చావా? ఇప్పుడు తీరిగ్గా ఆ స్తంభాలు చెప్పు. ఆ రోజు వినలేదు నేను. ఒక్కొక్క నాళమూ చెప్పాలి" అంది. కుర్చీలో సర్దుకుంది. మళ్ళీ ఏదో గుర్తొచ్చినట్టు ఆగింది.

"ఉండు. తూర్పు ఎటు?"

చెయ్యి అలవాటుగా లేచింది, వేలు పెట్టి చూపించెయ్యడానికి. దింపేశాను. బ్యాగులోంచి నాన్నగారి ఇత్తడి దిక్సూచి తీసి నేల మీద పెట్టి, ముల్లు కదలడం పూర్తిగా ఆగేదాకా చూశాను. తర్వాత ఆవిడని కుర్చీతో సహా అటు తిప్పి, పక్కన కింద కూర్చుని, పడమర తలుపు దగ్గర మొదలుపెట్టాను.